నేల తెల్లగా ఉన్న రోజుల్లో

దోహాలో మన ఫరీజ్ అబ్దుల్ అజీజ్ గల్లీల్లో మీ ఈడు పిల్లలు మెటల్ డిటెక్టర్ పట్టుకొని తిరుగుతుంటే నాకు ఒళ్లు మండుతుంది బిడ్డా. అది నడక కాదు, ఉరుకుడు. పెట్టె ఆన్ చేస్తారు, ఆటో అని రాసి ఉన్న చోట బొటనవేలితో నొక్కుతారు, ఒక చెవిలో డిటెక్టర్ తీగ, ఇంకో చెవిలో ఇంటి నుంచి ఫోను, ఇక బయలుదేరుతారు. అది కూసిన చోటల్లా రోడ్డు మీద స్ప్రేతో ఎర్ర గుర్తు. పొద్దుగూకేసరికి గల్లీ నిండా గుర్తులే. దొరకాల్సిన వాల్వు మూత మాత్రం ఎక్కడ ఉన్నది అక్కడే ఉంటుంది. ఏమైందిరా అంటే 'మిషన్ ఖరాబయింది కాకా' అంటారు. మిషన్‌కు ఏ రోగమూ లేదు. మీరు నేలను అడగలేదు, అంతే.

మన పని చెప్పుకోవడానికి చిన్నదే. పాత రోడ్డు మీద కొత్త తారు పోస్తారు, గల్లీలో ఇంటర్‌లాక్ రాళ్లు పరుస్తారు, ఆ కింద నీళ్ల వాల్వుల మూతలు, డ్రైనేజీ మూతలు పూడిపోతాయి. ఎప్పుడో పైపు పగిలిన రాత్రి వాటితో అవసరం పడుతుంది. అప్పుడు మనల్ని పిలుస్తారు. పెద్ద మ్యాన్‌హోల్ మూతదేముంది, పోత ఇనుము, రెండడుగుల వెడల్పు, కళ్లు మూసుకొని తిరిగినా కూస్తుంది. అరచేయంత వాల్వు మూత వెతికినప్పుడు తెలుస్తుంది పనితనం. సర్వే వాళ్లు రోడ్డులో కొట్టిన మేకు వెతికినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

మా రోజుల్లో, నేను దోహాకు వచ్చిన కొత్తలో, ఈ పనికి పెట్టె అనేదే లేదు. ఒక రిజిస్టరు ఉండేది. మా ఫోర్‌మన్ మలయాళీ పెద్దమనిషి, ఏ మూత పూడే ముందైనా టేపు పట్టించి కొలత రాయించేవాడు. ఫలానా ఇంటి గోడ మూల నుంచి ఇంత, ఎదురు కరెంటు స్తంభం నుంచి ఇంత, రెండు కొలతలు కలిసే చోట మూత. ఆ పుస్తకం పట్టుకొని పోయి, కొలిచి, గడ్డపార మొనతో రోడ్డు మీద కొట్టేవాళ్లం. గట్టి నేల మీద ఒక చప్పుడు, బోలుగా ఉన్న చోట ఇంకో చప్పుడు. నింపాదిగా పని చేసేవాళ్లం. మధ్యలో గల్లీ చివరి హోటల్ నుంచి కరక్ చాయ్ వచ్చేది. చాయ్ తాగుతూ ఫోర్‌మన్ నేల గురించి చెప్పేవాడు. ఇప్పుడు మీకు చాయ్ ఉంది, చెప్పేవాడు ఉన్నా వినేవాడు లేడు.

తర్వాత పెట్టె వచ్చింది. దాని కథ కూడా మీకు తెలియదు కాబట్టి చెబుతా. కర్ర చివర ఉన్న ఆ పళ్లెంలో రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు అటూ ఇటూ క్షణానికి వేల సార్లు తిరుగుతుంది, ఆ తిరుగుడుకు నేలలోకి అయస్కాంత క్షేత్రం దిగుతుంది. లోపల లోహం ఉంటే దాని ఒంట్లో చిన్న సుడులుగా కరెంటు పుడుతుంది, ఆ సుడులు తమ క్షేత్రాన్ని పైకి పంపుతాయి, రెండో చుట్ట దాన్ని పట్టుకుంటుంది. ఇంతవరకు మీరు కూడా ఎక్కడో చూసే ఉంటారు. మీరు చూడనిది ఏమిటంటే, నేల కూడా జవాబు ఇస్తుంది. లోహం ఇచ్చే జవాబు కన్నా నేల ఇచ్చేది చాలాసార్లు పెద్దది కూడా.

అది నాకు చిన్నప్పుడే తెలుసు, పెట్టె పేరు తెలియకముందే. మాది మద్నూర్ వైపు, అప్పట్లో నిజామాబాద్ జిల్లా, ఇప్పుడు కామారెడ్డి అంటున్నారు. నల్లరేగడి. మరాఠ్వాడా నుంచి పరుచుకొచ్చిన అగ్నిశిల అరిగి అరిగి మట్టి అయిన నేల అది. తొలకరి వాన వెలిసినంక చేను గట్టు మీద నీళ్లు పారిన జాడల్లో నల్లటి ఇసుక మెరుస్తూ మిగిలేది. పాత రేడియో స్పీకర్ నుంచి పీకిన అయస్కాంతం తాడుకు కట్టి అందులో ఈడ్చేవాళ్లం, మీసాలు మీసాలుగా అంటుకునేది. అదంతా మాగ్నెటైట్, ఇనుప ఖనిజం. అలాంటి నేల మీద డిటెక్టర్ పెడితే మేకూ లేదు, నాణెమూ లేదు, ఊరికే గోల చేస్తుంది. జహీరాబాద్ ఎర్రమొరం అయితే మరీ మొండిది, దానిలోని ఇనుము అయస్కాంతానికి వెంటనే లొంగదు, లొంగినాక వెంటనే వదలదు. అలా ఆలస్యంగా వదలడమే లోహం జవాబును పోలి ఉంటుంది. అటు భీమిలి బీచ్‌కు పోతే నల్ల ఇసుక, ఇల్మనైటూ గార్నెటూ కలిసింది, పక్కనే ఉప్పు సముద్రం. అక్కడ పళ్లెం దించి చూడు, తెలుస్తుంది.

ఇక్కడికి వచ్చి చూస్తే నేల తెల్లగా ఉంది. నాకు ఆ మొదటి వారం ఇంకా గుర్తే. దోహా కింద ఉన్నది సున్నపురాయి, ఇంజనీర్లు సిమ్‌సిమా రాయి అంటారు. గడ్డపారతో కొడితే తెల్ల పొడి లేచి లుంగీ అంతా పిండి. ఆ రాయిలో ఇనుము దాదాపు లేదు. తర్వాత పెట్టె వచ్చాక చూశాం, పళ్లెం దించితే ఏమీ అనదు. ఒక మేకు ఉంటే మేకే పలుకుతుంది, పక్కన ఇంకేదీ మాట్లాడదు. మా మొదటి పెట్టెకు ఒక మీట ఉండేది, గుండ్రంగా తిప్పేది. పళ్లెం నేలకు ఆనించి, పైకి ఎత్తి, మళ్లీ దించి, చప్పుడు మారకుండా ఉండే దాకా ఆ మీట తిప్పాలి. దాన్నే గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. నేల ఇచ్చే జవాబు ఏదో ముందు పట్టుకొని దాన్ని పక్కకు పెట్టడం. ఈ తెల్ల నేల మీద పొద్దుగాల ఒకసారి పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా కదిలేది కాదు. నేల నిజాయితీగా ఉండేది. మనుషులు కూడా అనుకో, అది వేరే ముచ్చట.

అంటే కష్టమే లేదని కాదు. సముద్రం దగ్గరికి పోతే ఉప్పు. లోకంలో సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటే ఈ ఖలీజ్, అదే గల్ఫ్ నీళ్లలో 40 దాటుతుంది. ఎండ ఎక్కువ, వాన తక్కువ, దాదాపు మూసుకున్న సముద్రం, ఉప్పు పోయే దారి ఇరుకు. ఆ ఉప్పునీళ్లలో కరెంటు పారుతుంది. కరెంటు పారే దేన్నయినా పెట్టె లోహమే అనుకుంటుంది. ఇనుప మట్టి జవాబు ఒక తీరు, ఉప్పు తడి జవాబు ఇంకో తీరు, ఒకదానికి మీట సరిచేస్తే రెండోది లేచి కూర్చుంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే పెట్టె రెండింటినీ ఒకేసారి పక్కకు పెట్టలేదు. పైగా ఉప్పు తడి ఇచ్చే జవాబు సన్నని రేకు ఇచ్చే జవాబుకు దగ్గరగా ఉంటుంది, దాన్ని తీసేద్దామని మీట తిప్పితే సన్న లోహాలు కూడా వినిపించకుండా పోతాయి. జాతరలో తప్పిపోయిన పిల్లాడి ఏడుపు వినడానికి డప్పులు ఆపించినట్టు నేల చప్పుడు ఆపాలి, కానీ పిల్లాడి గొంతు కూడా డప్పుతో పాటు ఆగిపోకూడదు.

ఆ రోజుల్లో ఉప్పు ఎక్కడ ఉందో తెలిసేది. సముద్రం ఒడ్డున ఉంది, మెసయీద్ వైపు సబ్ఖాల్లో, అంటే ఉప్పు పర్రల్లో ఉంది, ఎండకు తెల్లగా పొక్కు కట్టి దూరం నుంచే కనిపించేది. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో లోతుకు తవ్వితే తప్ప తడి తగిలేది కాదు. ఇప్పుడో? ఊరు పెరిగింది, సముద్రపు నీళ్లు మంచినీళ్లు చేసి పైపుల్లో పోస్తున్నారు, పైపుల నుంచి కొంత కారుతుంది, తోటలకు పోసింది కొంత ఇంకుతుంది, అంతా కిందికే. నేల కింది నీళ్లు పైకి వచ్చాయి. బిల్డింగు పునాది తవ్వితే చాలు పంపులు పెట్టి రాత్రీ పగలూ తోడాల్సిందే. పైకొచ్చిన ఆ నీళ్లు మట్టిలోని ఉప్పునంతా కరిగించుకుంటాయి. మన గల్లీలో గోడల అడుగున తెల్లగా పొడి రాలడం చూశావు గదా, ఆ ఉప్పే. ఆ గోడ పక్కన నేల ఏం చెబుతుందో పెట్టె ఆన్ చేయకముందే నాకు తెలుసు.

ఏసీలు చూడు. మేం వచ్చినప్పుడు గదికి ఒక కిటికీ ఏసీ ఉంటే గొప్ప. ఇప్పుడు గోడ నిండా ఏసీలే, ప్రతి దాని నుంచీ గొట్టం, ప్రతి గొట్టం నుంచీ చుక్క చుక్క, గల్లీలో రాళ్ల సందులోకి. ఆ నీళ్లు గాల్లోంచి వచ్చినవి, వాటిలో ఉప్పు లేదు. కానీ నేలలోకి దిగితే ఎండు ఉప్పును కరిగించి తడి ఉప్పు చేస్తాయి. ఎండిన ఉప్పు పెట్టెకు కనబడదు, తడిసిన ఉప్పు కనబడుతుంది. కాబట్టి గల్లీకి ఈ పక్క ఒక నేల, ఆ పక్క ఇంకో నేల. మీరు గల్లీ మొదట్లో ఒకసారి ఆటో నొక్కి చివరి దాకా ఉరుకుతారు.

2018 అక్టోబర్ 20 గుర్తుందా? నువ్వు అప్పటికి రాలేదేమో. ఏడాది మొత్తంలో పడేంత వాన ఒక్కరోజులో కొట్టింది. అండర్‌పాసుల్లో కార్లు మునిగాయి. నీళ్లు తోడేసిన తర్వాత మూతలు వెతకమన్నారు. ముందు నెలలో ఎంతో నిశ్శబ్దంగా ఉన్న గల్లీలు, ఆ వారం అన్నీ గొణుగుడే. తడి ఆరే దాకా ఆగుదామంటే ఆగే ఓపిక ఎవరికుంది? మా రోజుల్లో నేల ఆరే దాకా ఆగేవాళ్లం. పని ఆగిందని ఎవరూ చచ్చిపోలేదు.

ఉప్పూ వానా దేవుడిచ్చినవి, వాటిని ఏమీ అనను. మనుషులు చేసింది చూడు. ఈ దేశం సున్నపురాయి రోడ్డుకు, పెద్ద కాంక్రీటుకు మెత్తన అని గాబ్రో తెప్పించడం మొదలుపెట్టారు. ఎమిరేట్స్ కొండల నుంచి ఓడల్లో వచ్చేది, 2017 జూన్‌లో పక్క దేశాలు సరిహద్దులు మూసేసినంక ఒమన్ నుంచి రావడం పెరిగింది. నల్ల రాయి, గట్టి రాయి, నేను కాదనను. కానీ అది కూడా అగ్నిశిలే. దాని ఒంట్లోనూ ఇనుప ఖనిజపు గింజలు ఉంటాయి. మా మద్నూర్ గోలను ఓడకెక్కించి తెచ్చి తెల్ల నేల మీద పరిచినట్టయింది. ఒకచోట తారు కింద గాబ్రో ఉంది, పక్కన పాత సున్నపురాయి ఉంది, ఆ పక్కన ఎప్పుడో పైపు వేయడానికి తవ్వి ఏదో మట్టితో పూడ్చిన గాడి ఉంది. ఇనుము కరిగించే కార్ఖానా స్లాగు కలిపితే ఇక చెప్పక్కర్లేదు, అందులో ఇనుపరేణువే మిగిలి ఉంటుంది. అడుగు అడుగుకూ నేల మారుతుంటే ఏ పెట్టె మాత్రం ఏం చేస్తుంది?

ఆ పైన కాంక్రీటులో కమ్మీ జాలి. గల్లీకి రెండు పక్కలా ఆపిన కార్లు, ఒక్కొక్కటీ టన్నుకు పైగా లోహం, పళ్లెం దగ్గరికి పోతే చాలు కూత. దుకాణాల ఇనుప షట్టర్లు. నేలలో కరెంటు కేబుళ్లు, గాలిలో ఫోన్ల సిగ్నళ్లు. రాత్రి రెండు గంటలకు కార్ల వాళ్లను లేపి తీయించి పని చేసేవాళ్లం మేం. మీరు కార్ల మధ్య సందులో పళ్లెం దూర్చి, అది కూస్తే గుర్తు కొడతారు. ఆ గుర్తు కారు తలుపుది రా నాయనా.

లోతు సంగతి ఒకటి మీ బుర్రలో ఎక్కదు, ఎన్నిసార్లు చెప్పినా. పళ్లెం నుంచి కిందికి పోయే క్షేత్రం దూరం పెరిగేకొద్దీ సన్నబడుతుంది, చిన్న లోహం నుంచి పైకి వచ్చే జవాబు కూడా అదే లెక్కన సన్నబడుతుంది. రెండూ కలిస్తే, చిన్న వస్తువు లోతు రెట్టింపయితే దాని జవాబు సుమారు అరవై నాలుగో వంతుకు పడిపోతుంది. నేల జవాబు మాత్రం అలా పడిపోదు, అది పళ్లెం కిందే పరుచుకొని ఉంది. కాబట్టి నేల గొణుగుడు కొంచెం పెరిగినా, లోతులో ఉన్న మూత పోయినట్టే. పాత రోడ్డు మీద కొత్త తారు పొర, దాని మీద ఇంకో పొర, ప్రతి పొరా మూతను కిందికి తోసేస్తుంది. పాత పొర గీకి తీసి కొత్తది పోసేవాళ్లు కొందరు, గీకకుండానే పోసేవాళ్లు కొందరు. రెండో రకం వాళ్ల వల్లే నాకు నిద్ర లేదు.

ఈ యంత్రం పుట్టిందే నేల చేసిన అల్లరి వల్ల, అది తెలుసా? గెర్హార్డ్ ఫిషర్ అనే ఆయన అమెరికాలో విమానాలకు రేడియో దారి చూపే పరికరాల మీద పని చేసేవాడు. కొన్నిచోట్ల ఆ పరికరం తప్పు దిక్కు చూపేది. లోహమో, ఖనిజం ఉన్న నేలో దగ్గర ఉన్నప్పుడు అలా అవుతోందని పట్టుకున్నాడు. ఆ తప్పునే పనికొచ్చేలా మలిచాడు, 1937లో పేటెంట్ వచ్చింది. అంతకు ముందు 1881లో, అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తుపాకీ గుండు వెతకడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ ఇలాంటి పరికరమే తీసుకెళ్లాడు. గుండు దొరకలేదు. మంచంలో ఉక్కు స్ప్రింగులు ఉన్నాయి, అవి వేరే కూత కూశాయి. డాక్టర్లు ఒంట్లో కుడి పక్కే వెతకనిచ్చారు, గుండు ఎడమ పక్క ఉంది. అంత పెద్దాయనకే కింద ఏముందో ముందు చూసుకోకపోతే పని కాలేదు. మీరు ఆటో నొక్కుతున్నారు.

కొత్త పెట్టెల మీద నాకు పగ లేదు. ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపి, ఉప్పు జవాబునూ ఇనుప మట్టి జవాబునూ వేరు చేసేవి వచ్చాయి. తడి ఇసుకలో మా పాత పెట్టె వినలేనిది అవి వింటాయి, అది కళ్లారా చూశాను. పల్స్ పెట్టెలు ఇంకో తీరు. కరెంటు దెబ్బ కొట్టి ఆపేసి, కొన్ని మైక్రోసెకన్లు ఆగి అప్పుడు వింటాయి. ఉప్పు తడి జవాబు ఆ లోపే చచ్చిపోతుంది, లోహపు జవాబు ఇంకా మిగిలి ఉంటుంది. మంచి ఆలోచన. కానీ ఎక్కువ సేపు ఆగితే సన్న రేకులు, చిన్న ముక్కలు కూడా ఆ లోపే చచ్చిపోతాయి. మా జహీరాబాద్ మొరం మాదిరి ఆలస్యంగా వదిలే నేల ఉంటే అది పల్స్ పెట్టెకు కూడా లోహమే. కాబట్టి ఎంత కొత్తదైనా, ఏ నేల మీద నిలబడ్డావో తెలిసినవాడి చేతిలోనే పని చేస్తుంది.

ఎండ సంగతి కూడా చెప్పాలి. ఏసీ బండిలోంచి తీసిన పెట్టెను నేరుగా ఎండలో పెడితే తీగ చుట్ట వేడెక్కి పెట్టిన బ్యాలెన్స్ జరుగుతుంది. కాసేపు బయట ఉంచి, వేడి కుదిరాక సరిచేసుకోవాలి. మా రోజుల్లో ఆ గొడవే లేదు, పెట్టెతో పాటు మేమూ బయటే ఉండేవాళ్లం, ఎండలోనే. 2007లో మధ్యాహ్నం పని ఆపాలని చట్టం వచ్చింది, 2021లో దాన్ని పెంచారు, ఇప్పుడు జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పదింటి నుంచి మూడున్నర వరకు బయట ఎండలో పని చేయించకూడదు. ఆ ఒక్క విషయంలో మా రోజులు మంచివని నేను అనను. మా గదిలో ఉన్నవాళ్లలో ఎండదెబ్బకు పడినవాళ్లు ఉన్నారు. నువ్వు ఆ గంటల్లో గదిలో పడుకో, నేనేమీ అనను. పడుకొని లేచాక మాత్రం బ్యాలెన్స్ మళ్లీ పెట్టు, మధ్యలో నేల కూడా వేడెక్కి ఆరింది.

మా రిజిస్టరు ఏమైందని అడుగుతావు. ఉంది, నా బట్టల పెట్టెలోనే ఉంది. కానీ అందులో రాసిన గోడలు చాలా లేవు. ముషేరిబ్ వైపు పాత ఇళ్లు తీసేశారు, మన పక్కన దోహా జదీదలో మెట్రో స్టేషన్ వచ్చింది, 2019లో రైలు మొదలైంది. గోడ మూల నుంచి ఇన్ని మీటర్లు అని ఉంటుంది, ఆ మూల ఇప్పుడు పార్కింగ్ మధ్యలో ఎక్కడో గాల్లో ఉంది. కరెంటు స్తంభం భూమిలోకి పోయింది. దాన్ని జీపీఎస్‌లో పెడితే పోదు అని నువ్వంటావు, నిజమే, అలా పెట్టిన చోట్ల పని సుళువే. కానీ ఆకాశం కనబడని ఈ సన్న గల్లీల్లో, రెండు పక్కలా బిల్డింగుల మధ్య, నీ ఫోను చుక్క ఇటు గోడ నుంచి అటు గోడకు దూకుతుంటుంది. నా టేపు దూకదు.

ఇప్పుడు ఇంకో కొత్త విద్య. మూతలు కూడా ఇనుము వద్దంట, ఫైబర్‌వి వేస్తున్నారు. తుప్పు పట్టవు, ఎవడూ ఎత్తుకుపోడు, బరువు తక్కువ. ఈ ఉప్పు నేలలో ఇనుమును తుప్పు ఎంత తొందరగా తింటుందో నాకు తెలుసు కాబట్టి ఆ మాట ఒప్పుకుంటాను. పైపులూ ప్లాస్టిక్‌వే. మరి అవి పూడిపోయిననాడు ఏ పెట్టె కూస్తుంది? పైపు పక్కన రాగి తీగ వేసి ఉంచితే తీగ దొరుకుతుంది. వేయకపోతే గడ్డపారే గతి, మళ్లీ మా రోజుల్లోకే రావాలి మీరు.

సరే, రేపటి పని చెబుతా విను. మసీదు వెనక గల్లీలో రెండు వాల్వు మూతలు వెతకాలి. కార్ల వాళ్లకు ఈ రాత్రే చెప్పు, పొద్దుగాల నాలుగింటికి తీసేయాలని. పళ్లెం దించే ముందు ఏ వైపు ఏసీ నీళ్లు కారుతున్నాయో, తారు రంగు ఎక్కడ మారిందో, ఏ గాడి పూడ్చి ఉందో ఒక్కసారి నడిచి చూడు. ఎక్కడ నేల మారిందనిపిస్తే అక్కడ ఆగి, పళ్లెం ఎత్తి దించి, చప్పుడు కదలకుండా అయ్యే దాకా సరిచేయి. ఆటో వద్దు. ఫోను గదిలో పెట్టిరా. మూత దొరికినంక దాన్ని పైకి ఎత్తించి తారు అంచుకు సమం చేయించు, ఆ తర్వాత టేపు పట్టు, రెండు కొలతలు తీయి. గోడ నుంచి వద్దు, గోడలను నేను నమ్మను. మసీదు మెట్టు నుంచి తీయి. రిజిస్టరులో నేను రాస్తా, నీ చేతిరాత నాకు అర్థం కాదు.